బోరు బండి మీది పెట్టెలో ఏముంది?

ఈసారి కొంచెం పెద్దగనే రాస్తున్నం. తీరిక చేసుకుని చదవండి.

మేము ఉప్పునుంతల మండలం తండాల పిల్లలం, ఐదుగురం. ఇద్దరు ఐటీఐలో ఫిట్టర్, ఒకరు డీజిల్ మెకానిక్, ఇద్దరు మెకానికల్ డిప్లమా. ఐదుగురి సిలబస్‌లోనూ ఒక పాఠం ఉంది: రోటరీ కంప్రెసర్లు, సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు. పాఠం ఇంగ్లీషులో ఉంటది. బొమ్మ ఉంటది. యంత్రం మాత్రం ఉండదు. కానీ అదే యంత్రం ఎండాకాలం వస్తే మన చేన్ల పక్కనుంచి రాత్రింబగళ్లు మోగుతనే ఉంటది. బోరు బండి మీద డ్రైవర్ క్యాబిన్ వెనక పెద్ద ఇనుప పెట్టె లెక్క కనిపించేది అదే. మన తండాల నుంచి ఎంతమంది ఆ బండ్ల మీద పైపులు ఎత్తే పనికి పోయిండ్రో లెక్కలేదు. ఆ పెట్టెలో ఏముందో వాళ్లకు చెప్పినోడు ఒక్కడు లేడు.

మా కాక ఒకాయన పన్నెండేండ్లు బోరు బండి మీద పనిచేసిండు. మహారాష్ట్ర, కర్ణాటక, ఒడిశా తిరిగిండు. ఇప్పుడు ఆయనకు ఎడమ చెవి సరిగ్గ వినపడదు. "సప్పుడు మారితే చాలు, లోపల ఏమైతున్నదో నాకు ఎరుకైతది. కానీ పేరు చెప్పమంటే రాదు" అంటడు. మాకేమో పేర్లన్నీ వచ్చు, సప్పుడు తెల్వదు. ఈ రెండూ ఒక దగ్గర కూర్చుంటే ఎట్లుంటదో చూద్దామని సెలవుల్లో కాకతో కూర్చున్నం, బోరు వేస్తున్న చోటికి పోయి నిలబడ్డం. తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నం.

ఇప్పుడే ఎందుకంటే, బోరు బండ్లు ఇక మన భూముల దిక్కే ఎక్కువ వస్తయి. 2025 మే 19న మన జిల్లాలోనే, అమ్రాబాద్ మండలం మాచారంలో "ఇందిర సౌర గిరి జల వికాసం" పథకం మొదలైంది. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతుల భూముల్లో బోర్లు వేసి సోలార్ పంపులు పెట్టే పథకం అది. 6 లక్షల ఎకరాలు, 2.10 లక్షల మంది రైతులు అని లక్ష్యం చెప్పిండ్రు. అంటే మన భూమి, మన రాయి, మన నీళ్లు. యంత్రం గురించిన తెలివి మాత్రం మనది కాకపోతే ఎట్ల?

ముందు లెక్క: ఒక గదిని బీరువాలో పెట్టడం

గాలికి బరువుంది, అది ఎప్పుడూ మన మీద ఒత్తుతనే ఉంటది. సముద్ర మట్టం దగ్గర ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. పౌండ్లలో చెప్పే ఈ కొలతనే పీఎస్ఐ అంటరు. కంప్రెసర్ పని ఒక్కటే: ఎక్కువ జాగలో ఉన్న గాలిని తక్కువ జాగలోకి తెచ్చి ఆ ఒత్తిడిని పెంచడం.

మన దిక్కు తిరిగే పెద్ద బండ్ల మీద "1100, 300" అనే అంకెలు మీరు వినే ఉంటరు. మొదటిది నిమిషానికి 1100 ఘనపుటడుగుల గాలి, దాన్ని సీఎఫ్ఎం అంటరు. రెండోది 300 పీఎస్ఐ ఒత్తిడి. పదకొండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది ఊహించుకోండి. ఆ గదిలో ఉన్న గాలి మొత్తం సరిగ్గా 1100 ఘనపుటడుగులు. ఆ పెట్టె నిమిషానికి అట్లాంటి ఒక గదిని మింగుతది. మింగి ఇరవై ఒక్క వంతులకు కుదిస్తది. అంటే ఆరడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న బీరువాలో ఆ గది గాలంతా పట్టేస్తది.

ఆ గాలి బిగువెంత? బొటనవేలి గోరంత జాగ మీద, అంటే దాదాపు ఒక చదరపు సెంటీమీటరు మీద, 21 కిలోల బరువు పెట్టినంత. పైపు పగిలితే మనిషి ఎందుకు బతకడో ఈ ఒక్క అంకె చెప్తది.

గాలిని ఇట్ల బిగించడానికి రెండు దారులున్నయి. ఒకటి, గాలిని ఒక జాగలో మూసేసి ఆ జాగనే చిన్నది చెయ్యడం. రెండు, గాలిని జోరుగా విసిరి, ఆ జోరును అడ్డుకుని ఒత్తిడిగా మార్చడం. క్లాసులో చెప్పే పేర్లన్నీ ఈ రెండు కొమ్మల మీది ఆకులే. రోటరీ మొదటి కొమ్మ. సెంట్రిఫ్యూగల్ రెండో కొమ్మ.

తిత్తి నుంచి స్క్రూ దాకా

మొదటి దారి మన ఊళ్లకు కొత్తది కాదు. కమ్మరి కొలిమి దగ్గర తోలు తిత్తి చూసినోళ్లు ఇంకా ఉన్నరు. పైకి లేపితే గాలి గుంజుకుంటది, కిందికి ఒత్తితే నిప్పు మీదికి వదులుతది. మధ్యలో ఒక లిప్తపాటు గాలి ఆగిపోతది. అందుకే తెలివైన కమ్మరి రెండు తిత్తులు పెట్టి ఒకటి లేస్తుంటే ఇంకోటి ఒత్తుతడు.

పంచరు షాపులో ఉండే కంప్రెసర్ ఇనుముతో చేసిన తిత్తే. పిస్టన్ ముందుకు, వెనక్కి. వెనకట నీళ్లు తక్కువున్న బోర్ల దగ్గర "కంప్రెసర్ మోటరు" పెట్టేది కదా, పైపులో గాలి పంపి నీళ్లను బుడగలతో పైకి లేపేది, అదీ ఇదే జాతి. దీంట్లో ఇబ్బంది ఏందంటే గాలి తెరలు తెరలుగా వస్తది, వాల్వులు అరుగుతయి, అదురు ఎక్కువ. నిమిషానికి ఒక గది గాలి కావాలంటే పిస్టన్ యంత్రం ఎంత పెద్దగ ఉండాల్నో, దాన్ని లారీ మీద పెట్టి రాళ్ల బాటలో తండాకు ఎట్ల తేవాల్నో ఆలోచించండి.

అక్కడ పనికొచ్చింది స్క్రూ. పెట్టె లోపల ఇనుప మడతలు తిరిగిన రెండు రోటర్లు పక్కపక్కనే ఉంటయి. ఒకదానికి ఉబ్బెత్తు మెట్లు, ఇంకోదానికి లోతు గాళ్లు. ఒకటి ఇంకోదాంట్లో సరిగ్గా కూర్చుంటది. ఎక్కువగా కనిపించే అమరికలో మొదటిదానికి నాలుగు మెట్లు, రెండోదానికి ఆరు గాళ్లు. అందుకే మొదటిది మూడు చుట్లు తిరిగేసరికి రెండోది రెండు చుట్లు తిరుగుతది. పరీక్షలో ఇది అడుగుతరు, గుర్తుపెట్టుకోండి.

ఈ రోటర్లు గాలిని ఎట్ల పిండుతయి? పండుగనాడు బోటి కడిగేటప్పుడు పేగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒత్తుకుంటూ పోతం కదా. ఆ కొస మూసి ఉంటే లోపల ఉన్నది బిగుసుకుంటది. స్క్రూలో కూడా అంతే. ఒక కొసన గాళ్లు తెరుచుకుని గాలితో నిండుతయి. రోటర్లు తిరగ్గానే ఆ గాళ్లు మూసుకుంటయి. రెండూ కలిసే చోటు ముందుకు జరుగుతూ పోతది, గాలి ఉన్న జాగ చిన్నదైతూ పోతది. అవతలి కొసన తలుపు తెరుచుకునే సరికి గాలి బిగుసుకుని ఉంటది. ఒక గాడి ఖాళీ అయ్యేలోపల ఇంకో గాడి వస్తనే ఉంటది. అందుకే గాలి తెగకుండా ధార లెక్క వస్తది. పిస్టన్ లేదు, ముందుకు వెనక్కి ఊగుడు లేదు. 300 పీఎస్ఐ అంత ఒత్తిడికి సాధారణంగా రెండు జతలు పెడతరు. మొదటి జత పిండిన గాలిని రెండో జత ఇంకా పిండుతది.

ఇంత పిండితే వేడి పుట్టదా అంటే, పుడతది. సైకిల్ పంపు కొడితే కొస కాలుతది, అదే సంగతి. ఇరవై ఒక్క వంతులు కుదిస్తే గాలి వందల డిగ్రీలు వేడెక్కాలె. అందుకే పిండే చోటనే నూనె చిమ్ముతరు. ఆ నూనె మూడు పనులు చేస్తది. వేడిని తీసుకుంటది, రోటర్ల మధ్య సన్నని సందుల నుంచి గాలి వెనక్కి జారకుండా అడ్డుకుంటది, ఇనుము ఇనుము రాసుకోకుండా జారుస్తది. గాలి, నూనె కలిసి బయటికొచ్చేటప్పుడు సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటది. తర్వాత సెపరేటర్ ట్యాంకులో నూనె వేరుపడి, కూలరులో చల్లారి, మళ్లీ లోపలికి పోతది.

కాక ఒక మాట చెప్పిండు: "పైపు మార్చేటప్పుడు బండి సప్పుడు దిగిపోతది, మళ్లీ హ్యామర్‌కు గాలి ఇయ్యంగనే గుర్రుమంటది." దానికి మా పుస్తకంలో పేరుంది: అన్‌లోడ్, లోడ్. గాలి అక్కర్లేనప్పుడు లోపలికి గాలి వచ్చే తలుపు మూసుకుంటది. రోటర్లు తిరుగుతనే ఉంటయి కానీ పిండడానికి గాలి ఉండదు. ఇంజను తేలికపడతది. కాక పన్నెండేండ్లు చెవితో విన్నది మేము ఒక వాల్వు బొమ్మలో చూసినం.

ఈ స్క్రూ ఆలోచన పాతదే. 1878లోనే జర్మనీలో హైన్రిచ్ క్రిగర్ దీనికి పేటెంటు తీసుకున్నడు. కానీ అంత సన్నని కొలతతో రోటర్లు చెక్కే యంత్రాలు అప్పటికి లేవు. 1930లలో స్వీడన్ ఇంజినీరు ఆల్ఫ్ లిషోల్మ్ దాన్ని పనికొచ్చే యంత్రంగా చేసిండు. ఆలోచన ముందు వస్తది, దాన్ని చెక్కే చెయ్యి తర్వాత వస్తది. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ చదివే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోండి. ఆ చెయ్యి మీదే.

రోటరీ కుటుంబంలో ఇంకా ఉన్నరు. వేన్ కంప్రెసర్‌లో గుండ్రటి డొల్లలో ఒక పక్కకు జరిపి పెట్టిన రోటరు, దాని గాళ్లలో జారే పలకలు ఉంటయి. సెప్టిక్ ట్యాంకు బండ్ల మీద గుంజే పంపులు చాలావరకు ఈ జాతివే. రూట్స్ బ్లోయర్‌లో ఎనిమిది అంకె లెక్క ఉండే రెండు రోటర్లు గాలిని లోపల కుదించకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మోస్తయి. మురుగునీటి శుద్ధి ప్లాంట్లలో నీళ్లలోకి గాలి ఊదేది ఎక్కువగా ఇదే. ఏసీలలో ఉండేవి రోటరీ, స్క్రోల్ రకాలు. మందుల ఫ్యాక్టరీలకు నూనె చుక్క తగలని గాలి కావాలె. అక్కడ నూనె లేని స్క్రూలు వాడతరు. వాటిలో రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా బయట పళ్ల చక్రాలు ఆపుతయి. 2021లో కరోనా రెండో అలప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో పెట్టిన పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంట్లకు కూడా ముందు కావాల్సింది కంప్రెసరే, అదీ ఎక్కువగా స్క్రూనే. అది పంపిన గాలి నుంచి జియోలైట్ గుళ్లు నైట్రోజన్‌ను పట్టి ఉంచితే, 93 శాతం దాకా ఆక్సిజన్ మిగులుతది.

బోరు లోపల గాలి ఏం చేస్తది

పైన పిండిన గాలి పైపుల లోపలి నుంచి కిందికి పోయి హ్యామర్‌లో చేరుతది. అక్కడ ఒక పిస్టన్‌ను పైకి కిందికి కొట్టిస్తది. ఆ పిస్టన్ బిట్ వెనక సమ్మెట లెక్క దెబ్బ వేస్తది. పైపులు మెల్లగ తిప్పుతుంటే ప్రతి దెబ్బ కొత్త చోట పడతది. రాయి పొడి పొడి అయితది. హ్యామర్‌ను కొట్టించిన గాలే బిట్ రంధ్రాల నుంచి బయటికొచ్చి ఆ పొడిని పైపు బయటి సందు నుంచి పైకి ఎత్తుకొస్తది. దెబ్బకూ గాలే, ఊడ్పుకూ గాలే.

దెబ్బకు కావాల్సింది ఒత్తిడి, ఊడ్పుకు కావాల్సింది గాలి పరిమాణం. ఒత్తిడి ఉండి గాలి తక్కువైతే పొడి పైకి రాక హ్యామర్ చుట్టూ కూర్చుంటది, పైపులు ఇరుక్కుంటయి. గాలి ఉండి ఒత్తిడి తక్కువైతే దెబ్బ పడదు. అందుకే బండి గురించి అడిగేటప్పుడు రెండు అంకెలూ అడగాలె.

ఇంకో లెక్క. నీళ్లు పది మీటర్ల ఎత్తు నిలబడితే అడుగున దాదాపు గాలి ఒత్తిడంత కొత్త ఒత్తిడి కలుస్తది. అడుగుల్లో చెప్తే, 500 అడుగుల నీళ్ల నిలువు అంటే అడుగున 216 పీఎస్ఐ. బోరులో నీళ్లు పడి హ్యామర్ మీద 500 అడుగులు నిలబడితే, 300లో 216 ఆ నీళ్లను ఎత్తడానికే పోతది. హ్యామర్‌కు మిగిలేది 84. "నీళ్లు పడ్డంక ఇక దిగతలేదు" అని డ్రిల్లరు అంటే, అందులో కొంత నిజం ఈ లెక్కలో ఉంది. ఉప్పునుంతల దిక్కు గ్రానైటు జాతి గట్టి రాయి. దాంట్లో నీళ్లు దొరికేది పగుళ్లలో. పగులు తగలకపోతే ఎంత ఒత్తిడి పెట్టినా దుమ్మే వస్తది. కంప్రెసర్ రాయిని కొడతది, నీళ్లను పుట్టియ్యదు.

బోరు ఎన్ని అడుగులైందో డ్రిల్లరు నోటి లెక్క మీద వదలకండి. ముందు ఒక పైపును టేపుతో కొలవండి. మన దిక్కు ఎక్కువగా 20 అడుగుల పైపులు ఉంటయి. దిగిన ప్రతి పైపుకూ నేల మీద ఒక గీత గియ్యండి. మాకు తెలిసిన ఒక ఇంట్ల ఇట్ల గీతలు గీసిన చెల్లె ఉంది. బిల్లు రాసే వేళకు ఆమె గీతలకూ వాళ్ల అంకెకూ మూడు పైపుల తేడా వచ్చింది. గీతలు చూపిస్తే బిల్లు మారింది.

వడిసెల దారి

ఇక రెండో కొమ్మ. జొన్న చేనుకు కావలి కూర్చున్నోళ్లకు వడిసెల తెలుసు. రాయి పెట్టి గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే రాయి ఎగిరిపోతది. సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌లో రాయికి బదులు గాలి. రెక్కలున్న చక్రం, దాని పేరు ఇంపెల్లర్. మధ్యలో కన్ను. కన్ను నుంచి గాలి లోపలికొస్తది, రెక్కలు దాన్ని తిప్పి అంచుకు విసురుతయి. గాలి బయటికి పోయిన చోట ఖాళీ ఏర్పడితే కొత్త గాలి కన్ను నుంచి గుంజుకొస్తది. ఎక్కడా మూసిన జాగ లేదు, ఒకదాన్నొకటి తాకే భాగం లేదు.

విసరడంలోనే కొంత ఒత్తిడి పెరుగుతది. అంచు దాటిన గాలికి మిగిలింది జోరు. ఆ జోరును కూడా ఒత్తిడిగా మార్చాలె. అందుకే ఇంపెల్లర్ చుట్టూ డిఫ్యూజర్ అనే దారి పెడతరు. అది ముందుకు పోయే కొద్దీ వెడల్పైతది. వెడల్పులోకి వచ్చిన గాలి నెమ్మదిస్తది, నెమ్మదించినప్పుడు పోయిన జోరు ఒత్తిడిగా తేలుతది. జాతరలో పరుగెత్తి వచ్చే గుంపు ముందు నెమ్మదిస్తే వెనకోళ్లు ముందోళ్ల మీద పడి ఒత్తిడి పెరుగుతది కదా, అట్ల. చివరికి నత్తగుల్ల ఆకారపు డొల్లలో గాలి చేరి పైపులోకి పోతది.

ఒక చక్రంతో ఒత్తిడి కొంతవరకే పెరుగుతది. ఎక్కువ కావాలంటే చక్రం వెనక చక్రం. ఇది మీకు తెలియంది కాదు. మన బోర్లలో దించే సబ్‌మర్సిబుల్ పంపు విప్పితే ఒకదాని మీద ఒకటి పేర్చిన గిన్నెలు వస్తయి. "పది స్టేజీలదా, పదిహేను స్టేజీలదా" అని షాపులో అడిగేది వాటినే. ప్రతి గిన్నె నీళ్లను కొంత ఎత్తి పై గిన్నెకు అందిస్తది. గాలి యంత్రంలోనూ అదే వరుస. తేడా ఏందంటే గాలి వేడెక్కుతది కాబట్టి మధ్యలో చల్లార్చే కూలర్లు పెడతరు.

గాలి నీళ్ల కంటే ఎంతో తేలిక. తేలిక వస్తువును విసిరి ఒత్తిడి తేవాలంటే చక్రం మహా జోరుగా తిరగాలె. అందుకే ఈ యంత్రాలు నిమిషానికి వేల చుట్లు, చిన్నవైతే పదుల వేల చుట్లు తిరుగుతయి.

విచిత్రం ఏందంటే, ఈ రెండో జాతి కూడా బోరు బండి మీదనే ఉంది. కంప్రెసర్‌ను తిప్పే పెద్ద డీజిల్ ఇంజనుకు పక్కన నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న ముద్ద ఉంటది, అదే టర్బో. పొగ గొట్టానికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతది. అదే ఇరుసు మీద ఇంకో కొసన ఉన్న ఇంపెల్లర్ ఇంజనులోకి గాలిని ఒత్తి పంపుతది. అది దాదాపు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నడు. అంటే ఒకే బండి మీద మన పాఠంలోని రెండు యంత్రాలూ ఉన్నయి: పెట్టెలో స్క్రూ, ఇంజను పక్కన సెంట్రిఫ్యూగల్. కాలేజీ ల్యాబులో లేని పాఠం మన చేను గట్టున నిలబడి ఉంది.

అయితే బోరుకు స్క్రూనే ఎందుకు? బోరుకు కావాల్సిన గాలి ఫ్యాక్టరీ లెక్కల్లో చూస్తే తక్కువ, ఒత్తిడేమో ఎక్కువ. పైగా పైపు పైపుకూ ఆపాలె, మళ్లీ ఇయ్యాలె. స్క్రూ దానికి లొంగుతది. సెంట్రిఫ్యూగల్‌కు రోజుల తరబడి ఒకే తీరుగ పారే పెద్ద ప్రవాహం కావాలె. ఉక్కు ఫ్యాక్టరీలకు ఆక్సిజన్ తీసే ప్లాంట్లు, రిఫైనరీలు, ఎరువుల ఫ్యాక్టరీలు దానికి సరైన చోట్లు. హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో అట్లాంటి సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లు తయారైతయి. 2021లో రామగుండంలో మళ్లీ మొదలైన యూరియా ఫ్యాక్టరీ లాంటి చోట్ల వాయువులను వాతావరణం కంటే వంద రెట్లకు పైగా బిగించి యూరియా చేస్తరు. మనం చేనులో చల్లే గుప్పెడు తెల్లటి గుళ్ల వెనక కూడా కంప్రెసర్ ఉంది.

వాల్వు మూస్తే ఏమైతది?

ఇంటర్వ్యూలో రెండింటికీ తేడా అడిగితే పేరాలు చెప్పకండి. ఒక్క ప్రశ్న మీద నిలబడండి: బయటికి పోయే వాల్వు మూస్తే ఏమైతది?

స్క్రూ అయితే మూసిన జాగను చిన్నది చేస్తనే ఉంటది. గాలికి దారి లేకపోతే ఒత్తిడి పెరుగుతనే పోతది. సేఫ్టీ వాల్వు తెరుచుకోవాలె, లేదా ఇంజను ఆగాలె, లేదా ఏదో ఒకటి పగలాలె. అందుకే స్క్రూ మీది సేఫ్టీ వాల్వు ప్రాణం లాంటిది.

సెంట్రిఫ్యూగల్ అయితే ఒత్తిడి ఒక హద్దు దాకనే పోతది. కానీ ప్రవాహం బాగా తగ్గినప్పుడు ముందున్న బిగువును ఇంపెల్లర్ నెట్టలేకపోతది. గట్టెక్కుతున్న ఎద్దుల బండి ఊపు చాలక వెనక్కి జారినట్టు గాలి వెనక్కి తన్నుతది. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. దీన్నే సర్జ్ అంటరు. క్షణాల్లో బేరింగులు, ఇంపెల్లర్ దెబ్బతింటయి. అందుకే దానికి యాంటీ సర్జ్ వాల్వు పెడతరు. ప్రవాహం తగ్గంగనే అది తెరుచుకుని కొంత గాలిని బయటికో, వెనక్కో వదిలి దారి నడిపిస్తది. మొదటిదానికి భయం ఒత్తిడి పెరగడం, రెండోదానికి భయం ప్రవాహం తగ్గడం. ఈ రెండు మాటలు అర్థమైతే మిగతా తేడాలన్నీ మీరే రాసుకుంటరు.

పానాలు ముందు

బండి మీద పనిచేసే అన్నలకు, రేపు పోయే తమ్ముళ్లకు ఇది చదివి వినిపించండి.

సేఫ్టీ వాల్వు ఊరికే గాలి వదులుతుందని తీగతో కట్టొద్దు, బిగించొద్దు. అది వదులుతుంటే లోపల ఏదో బాగలేదని అర్థం. బండి ఆపిన వెంటనే నూనె మూత విప్పొద్దు. ట్యాంకు మీది ముల్లు సున్నాకు వచ్చేదాకా ఆగాలె. లేకపోతే కాగిన నూనె మొకం మీదికి చిమ్ముతది. పెద్ద హోసు రెండు కొసలకూ సేఫ్టీ చైను ఉండాలె. హోసు ఊడితే పాము లెక్క కొట్టుకుంటది, ఎముకలు విరుగుతయి. సాయంత్రం బట్టల మీది దుమ్ము పోవాలని గాలి పైపు ఒంటి మీద పెట్టుకోవద్దు. చర్మం నుంచి గాలి రక్తంలోకి పోతే మనిషి పోతడు. ఆటకు కూడా ఒకరి మీద ఒకరు పట్టొద్దు. చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు, మా కాకను చూస్తనే ఉన్నం.

అన్నిటికంటే పెద్దది దుమ్ము. మన గట్టి రాళ్లలో సిలికా ఉంటది. కంటికి ఆనని ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తది. అది మానదు, మందు లేదు, వచ్చేటప్పుడు చెప్పి రాదు. చాలామందికి టీబీ అనుకుని మందులు వాడిస్తరు. మొకానికి కట్టిన తువ్వాల ఆ పొడిని ఆపదు, ఎన్95 లాంటి మాస్కు కావాలె. గాలితో పాటు కొంచెం నీళ్లు పంపితే దుమ్ము అక్కడనే అణుగుతది. ఇది అడగడం మన హక్కు. మేము చూసిన బండి మీద ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లలు పనిచేస్తున్నరు. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లటి పొడి. ఒక్కరికి మాస్కు లేదు. వాళ్ల భాష మాకు రాదు. కానీ వాళ్లెవరో మాకు తెలుసు.

రాయి లోపలికి పోయే పని ఏదైనా గాలి మీదనే ఆధారపడతది. మన జిల్లాలోనే ఎస్ఎల్‌బీసీ సొరంగం ఉంది. అటు దోమలపెంట, ఇటు మన అచ్చంపేట దగ్గర మన్నెవారిపల్లి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు, లోపలికి దాదాపు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నరు. ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. వాళ్లలో నలుగురు జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. ఆ ప్రమాదానికి కారణం కంప్రెసర్ కాదు, ఆ మాట స్పష్టంగా చెప్తున్నం. కానీ అట్లాంటి చోట పని దొరికిందని పోయే తమ్ముడు ముందు అడగాల్సిన ప్రశ్నల్లో గాలి ఒకటి. ఊపిరికి గాలి పంపేది పెద్ద ఫ్యాను, దాని గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. పనిముట్లకు గాలి పంపేది కంప్రెసర్, దాని గాలి తక్కువ, ఒత్తిడి ఎక్కువ. ఒకటి ఉందని రెండోది లేకున్నా నడుస్తదని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

చివరగా

బండి మీద పైపు ఎత్తే మనిషికీ, కంప్రెసర్ చూసుకునే మనిషికీ మధ్య జీతంలో తేడా ఉంది, గౌరవంలో తేడా ఉంది, ఆయుష్షులో కూడా తేడా ఉంది. ఆ తేడా బలంలో లేదు. లోపల ఏం జరుగుతుందో తెలియడంలో ఉంది. బోరు బండ్లకు పేరుపడ్డ ఊరు తమిళనాడులోని తిరుచెంగోడు. కరువు ప్రాంతపు మనుషులు యంత్రం నేర్చుకుని దేశమంతా బండ్లు తిప్పుతున్నరు. పాలమూరు కూలీ కూడా దేశమంతా తిరిగిండు, కానీ చేతుల బలం అమ్ముకుని తిరిగిండు. మన తరం తెలివి పట్టుకుని తిరగాలె.

అందుకే మూడు పనులు అడుగుతున్నం. ఐటీఐ, డిప్లమా చదివేటోళ్లు ఈ ఎండాకాలం మీ దగ్గర బోరు వేస్తే పోయి నిలబడండి. మాస్కు పెట్టుకుని, దూరంగ. ఆ బండి సీఎఫ్ఎం ఎంత, పీఎస్ఐ ఎంత, టర్బో ఎక్కడ, సెపరేటర్ ట్యాంకు ఎక్కడ, సేఫ్టీ వాల్వు ఎక్కడ, చూసి రాసుకోండి. ఇంట్ల బండి మీద పనిచేసిన పెద్దలుంటే కూర్చోబెట్టి అడగండి. వాళ్ల చెవిలో ఉన్న పాఠం ఏ పుస్తకంలో లేదు. ఆడపిల్లలు ఇది మగవాళ్ల పని అనుకోవద్దు. మా ఐదుగురిలో ఇద్దరం ఆడపిల్లలమే, సర్జ్ గురించి ఈ పేరాలు రాసింది మేమే.

మొన్న కాకకు స్క్రూ బొమ్మ గీసి చూపించినం. చాలాసేపు చూసిండు. "అయితే నూనె తక్కువైనప్పుడు ఆ సన్నటి కూత గందుకే వస్తదా?" అని అడిగిండు. ఆ ప్రశ్నకు జవాబు మా పుస్తకంలో లేదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని మా సార్ల దగ్గరికి పోతున్నం.

– ఉప్పునుంతల మండలం తండాల విద్యార్థులం, ఐదుగురం